అవ్వ పడుకునే మూల

పోయిన సోమవారం పని మీద నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి బస్సులో పోతున్నాను. ముందు సీట్లోంచి ఒక చప్పుడు వినబడింది. బరువైన చెక్కపెట్టెను బండల మీద తోసినట్టు గర్రుమని, ఆ వెంటనే చిన్న గంట కొట్టినట్టు టింగుమని. నిద్రలో వినిపించినా గుర్తుపడతాను ఆ చప్పుడు. పెట్టెలు తోసే పాత కంప్యూటర్ ఆట అది. గోదాములో ఒక మనిషి ఉంటాడు, పెట్టెలను తోసుకుంటూ గుర్తు పెట్టిన గళ్ళలోకి చేర్చాలి. తొయ్యడమే తప్ప వెనక్కి లాగడం ఉండదు. మూలకు తోశామా, ఆ పెట్టె ఇక కదలదు. వంగి చూశాను. నర్సింగ్ చదివే అమ్మాయిలా ఉంది, ఫోన్లో ఆడుకుంటోంది. తెర మీది గదిని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అది మా ఎస్తేరక్క తయారుచేసిన గది! పొడుగ్గా ఉంటుంది, నడుమ ఒక స్తంభం, తలుపు పక్కన ఒక మూల. కానీ ఆ ఫోన్లో మాత్రం ఆ మూల లేదు. అక్కడ గోడ పెట్టేశారు. "అమ్మా, ఈడ ఒక మూల ఉండాలె. ఏమైంది?" అని అడిగేశాను. "ఏ మూల అక్కా? నాకేం తెల్వదు, నిన్ననే డౌన్‌లోడ్ చేసుకున్న" అని ఆ పిల్ల ఫోను గుండెకు హత్తుకుని కిటికీ వైపు జరిగింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? వనపర్తి వచ్చేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఎస్తేరక్కకు వనపర్తి బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉండేది. దరఖాస్తులు నింపడం, జిరాక్సులు తీయడం, హాల్ టికెట్లు ప్రింటు తీసివ్వడం. డిగ్రీ అయ్యాక నేను అక్కడ పనికి చేరాను. మాది కోడేరు దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. ఆమెది అమరచింత వైపు, ఏడాదిలో సగం వలసలో గడిపే కూలి కుటుంబం. కొందరికి ముక్కు మీద కోపం అంటారు. అక్కకు ఒళ్ళంతా కోపమే. అయితే ఆ కోపం ఎప్పుడూ పైవాళ్ళ మీదికే పోయేది. ఒకసారి వేలిముద్ర పడడం లేదని పింఛను ఆపేస్తే ఒక ముసలామె వచ్చి మా కుర్చీలో కూర్చుని ఏడ్చింది. అక్క ఆఫీసుకు ఫోను కలిపింది. "సార్, పత్తి ఏరి ఏరి ఆమె ఏలు అరిగిపోయింది. తప్పు మీ మిషిన్ల ఉన్నది, ఆమె ఏల్ల లేదు. మిషిన్‌ను ఆపుండ్రి, పింఛన్ ఆపుతరేంది?" అని అరిచింది. అవతలి సారు ఫోను పెట్టేసినా ఆపలేదు, ఉత్త ఫోనునే ఇంకాసేపు తిట్టింది. తర్వాత నా వైపు తిరిగి "ఏం చూస్తున్నవే? టీ చెప్పు ఆమెకు" అంది. నేను ఆమెకు భయపడ్డాను గానీ, ఆ కోపం అంటే నాకు ఆ రోజు నుంచే ఇష్టం.

సెంటర్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది, దాంట్లో ఈ ఆట ఉండేది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక అక్క ఆడేది. ఉన్న గదులన్నీ గెలిచేసి, చివరికి దాని మీదా కోప్పడింది. "అన్నీ గోదాములే. ఒక్క దాంట్లనన్న మనుషులు పండుకునేటట్టు లేదు గదనే!" అని. అప్పుడు మొదలైంది సొంతంగా గదులు కట్టడం. ఆ ఆటను ఇష్టపడేవాళ్ళు ప్రపంచమంతా అలా కొత్త గదులు కట్టి ఒకరికొకరు ఉచితంగా పంచుకుంటారు. గోడకో గుర్తు, పెట్టెకో గుర్తు, వరసగా టైపు చేస్తే చాలు, ఆట వాటిని గదిగా చూపిస్తుంది. అక్క కట్టినవన్నీ తను బతికిన గదులే. అమరచింతలో చర్చి వెనక అద్దె గది, పుణె వైపు పునాదుల పక్కన వేసిన గుడిసె, బొంబాయి వైపు రేకుల షెడ్డు. పొద్దుగూకగానే ఆ గదుల్లో ట్రంకుపెట్టె, బియ్యం సంచి, గంపలు, పారలు అన్నీ జరిపితే గానీ ఇంటిల్లిపాదీ పడుకోవడానికి చోటు దొరికేది కాదట. ఆ జరిపే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. "ఉల్టా జరిపిన్ననుకో, మా చెల్లె కాళ్ళు బయటికి పోతుండె. వాన పడితే కాళ్ళొక్కటే తడుస్తుండె" అని చెప్పి పగలబడి నవ్వేది. ఆ గదుల మూటకు 'మేమున్న ఇండ్లు' అని పేరు పెట్టింది. కట్టిన ప్రతి గదినీ ముందు నాచేత ఆడించేది. నేను ఎక్కడో ఇరుక్కుని గది బాగాలేదంటే, చేతులు కట్టుకుని నిలబడి "గదిని అంటవేందే? నువ్వు తోసేముందు జర చూసుకోవాలె" అనేది. చిన్న సాయం కూడా చేసేది కాదు.

అన్నీ అయ్యాక, ఇలాంటి గదులను సేకరించి పెట్టే ఒక వెబ్‌సైటుకు పంపాం. ఇంగ్లీషులో ఉత్తరం నేనే రాశాను. జవాబు వచ్చింది. గదులు చాలా బాగున్నాయట, తప్పకుండా పెడతారట. కానీ రేకుల షెడ్డులో తలుపు పక్కనున్న మూల అనవసరమట. ఏ పెట్టె అక్కడికి పోనక్కరలేదు, మనిషీ పోనక్కరలేదు, ఆడేవాళ్ళను దారి తప్పించడానికి తప్ప ఆ చోటు ఎందుకూ పనికిరాదట. దాన్ని గోడతో మూసేసి పంపమన్నారు. నేను చదివి వినిపిస్తుంటే అక్క మొహం ఎర్రబడింది.

"ఆడ మా అవ్వ పండుకుంటది. గట్లనే రాయి" అంది. వాళ్ళ నాయనమ్మను ఆమె అవ్వ అనేది.

"ఆటల అవ్వ ఏందక్కా? ఒక్క గడే గదా, మూసేద్దాం. అన్నీ తీసుకుంటమంటున్నరు" అన్నాను.

అక్క కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఒక్క గడేనా? నీకేమన్న తెల్సునా? అవ్వకు దగ్గుండె. గాలి తగలాలని తలుపు పక్కన పండుతుండె. పగటీలి ఆమె లేకున్నా ఆడ చెంబు గూడ పెట్టకపోతుంటిమి. మమ్ముల పనికి తోల్కపోయిన మేస్త్రి వచ్చి సూసిండు. ముసల్ది పన్జేయదు, జాగ దండుగ, ఊరికి పంపుండ్రి అన్నడు. ఊరికి పోతున్నోళ్ళ ఎంబడి బస్సెక్కించినం. ఆ జాగల సిమెంటు బస్తాలు పెట్టిండు వాడు. మేం ఊరికొచ్చేటాల్లకు అవ్వ లేదు. చర్చి అరుగు మీద పానం పోయిందట, ఒక్కతే." కుర్చీ మళ్ళీ ముందుకు లాక్కుని, "వాడు ఒకపారి తీసిండు ఆమెను. ఇప్పుడు నా చేతుల్తోని నేను మల్ల తియ్యాల్నా?" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాసి పంపాను. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు, విషయం బాధాకరమేనట, కానీ అక్కరలేని గడి ఉండకూడదన్నది వాళ్ళ నియమమట, నియమం నియమమేనట. అక్క ఆ ఒక్క గదినే కాదు, అన్నిటినీ వెనక్కి తీసుకుంది. ఉచితంగా దొరికే ఒక చిన్న పేజీలో, తన పేరుతో, మూలతో సహా పెట్టించింది. అడపాదడపా ఎవరో ఒకరు ఆడి బాగుందని రాసేవారు. అది చదివించుకుని ఆ రోజంతా ఎవర్నీ తిట్టేది కాదు.

అక్క ఇప్పుడు లేదు. కిడ్నీలు పోయి, దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి పోయింది. అందుకే ఈ మాట నేనే అడగాలి. వనపర్తిలో దిగి ఆ ఆట నా ఫోన్లో కూడా వేసుకుని చూశాను. గదులన్నీ ఆమెవే. ఒక్క చోటనైనా ఆమె పేరుందా? లేదు! 'మేమున్న ఇండ్లు' అన్న పేరు కూడా తీసేసి, రెండు గదులకోసారి ప్రకటన పెట్టుకున్నారు. ఆ ఆట పెట్టినవాళ్ళకు ఉత్తరం రాస్తే ఏమన్నారో తెలుసా? నెట్‌లో దొరికినవి తీసుకున్నామని, ఆడేవాళ్ళ సౌకర్యం కోసం చిన్న చిన్న మెరుగులు దిద్దామని. మెరుగులట! ఎవరి ఇంట్లో ఎవరు పడుకోవాలో చెప్పడానికి వీళ్ళెవరండీ? అడగకుండా తీసుకున్నది చాలక, తీసుకున్నదాంట్లోంచి ముసలామెను బయటికి నెట్టారు. మేస్త్రికైనా సిమెంటు పెట్టుకోవాలన్న అవసరం ఉండింది. వీళ్ళకు అదీ లేదు. మళ్ళీ రాశాను. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. రాస్తూనే ఉంటాను.

నేనిప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. నిన్న ఒక రైతు వచ్చాడు. బండికి చోటు, విత్తనాల బస్తాలకు చోటు, టీవీకి గోడ, అన్నీ చెప్పాడు. "ఇంట్ల ఎవరెవరు పండుతరన్నా?" అని అడిగాను. తను, భార్య, పిల్లలు అన్నాడు. నేను పెన్సిలు తీశాక, "మా అమ్మ గూడ ఉన్నది. ఆమెదేముంది మేడం, ఏడనన్న పండుతది" అన్నాడు. "ఏడనన్న అంటే ఏడ? చూపెట్టు" అని కాగితం ఆయన వైపు తిప్పాను. ఆయన వేలు కాగితమంతా తిరిగి తిరిగి మెట్ల కింద ఆగింది. ముందుగదిలో, కిటికీ పక్కన, ఒక మంచం గీశాను. ఇంజనీరు వచ్చి చూసి, హాలు ఇరుకైపోతుంది, జాగా దండుగ అని ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి పోయాడు. ఆ రైతు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నేను కొత్త కాగితం తీసి ముందు ఆ మంచమే గీశాను. గోడలు దాని తర్వాత గీశాను.