తాత కడిగిన కందెన గొట్టం

అటక మీది పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మూరెడు వెదురు గొట్టం ఒకటి బయటపడింది. మునిమనవడు దాన్ని పిల్లనగ్రోవి అనుకుని ఊదబోయి, రంధ్రాలు లేవని నా ఒళ్ళో పడేసి పోయాడు. అది బండి ఇరుసుకు పూసే కందెన నింపుకునే గొట్టంరా అని చెబుదామంటే, కందెన అంటే ఏంటంటాడు, ఇరుసు అంటే ఏంటంటాడు, నా ప్రాణం తోడేస్తాడు. ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను. గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. అలాంటిదాన్ని ముట్టుకుంటే వారం రోజులు చేతికి కమురు కంపు వదలకూడదు, దీనికి మాత్రం ఏ వాసనా లేదు.

మాది పాన్‌గల్ పక్కన చిన్న పల్లె. చలికాలం వెళ్ళేసరికి ప్రతి ఇంటి వాకిట్లో ఆముదపు కాయలు ఎండకు చిటపటమని పగిలేవి, ఆ గింజలతో మేం ఓమనగుంటలు ఆడుకునేవాళ్ళం, నానమ్మ వాటిని వేయించి రోట్లో దంచి పెద్ద కుండలో ఉడకబెడుతుంటే ఆ ఘాటుకు వీధి వీధంతా దగ్గేది. పైకి తేలిన నూనెలో కొంత దీపాలకు, కొంత మా తలలకు, కొంత పసిపిల్లల కడుపులోకి, మిగిలినది తాతది. తాత వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదంలో మెత్తగా నూరి, నల్లటి కందెన చేసి, ఈ గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాడు. ఆయన పక్కన పడుకుంటే చుట్ట వాసన కంటే ముందు కందెన వాసనే వచ్చేది, నాకదే హాయిగా ఉండేది.

తాత బతుకంతా ఎడ్లబండి అయితే, నాయన బతుకు మోటారు. అవి లడాయి రోజులు, పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. మా మోటారుకు ముందు కారు ముఖం, వెనక మామిడిపండ్లు మోసే చెక్కతొట్టి. ఎక్కడో ఎవరో వాడి వాడి విసిగి వదిలేసిన దాన్ని నాయన తెచ్చుకున్నాడు. ఎండాకాలంలో కొల్లాపూర్ తోటల నుంచి కాయ నింపుకుని వనపర్తికి పోయేవాడు, తిరిగి వచ్చాక మేం తొట్టిలోకి దూరి గడ్డిలో దాక్కున్న మాగిన కాయల కోసం వెతికి, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినేవాళ్ళం. ఇంటిల్లిపాదికీ ఏడాది జొన్నలు ఆ రెండు నెలల మోటారే తెచ్చేది.

ఆ ఏడు ఉగాదికి ముందు, బచ్చాలకు, అదే బొబ్బట్లకు, కావలసిన బెల్లం, శనగపప్పు తెచ్చుకుందామని వనపర్తి పోయి వస్తున్నాం. నాయన పక్కన అమ్మ, అమ్మ ఒళ్ళో తమ్ముడు, నడుమ నేను. మలుపు దగ్గర నాయన స్టీరింగు చక్రాన్ని సగం తిప్పాడు, మోటారుకు ఆ సంగతే తెలియనట్టు తిన్నగా వెళ్ళి ఆముదపు చేలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్మ మాత్రం తమ్ముణ్ణి గట్టిగా హత్తుకుని దిగి, అది బాగయ్యే దాకా తానూ తన పిల్లలూ దాన్ని ముట్టమని చెప్పి, మిగిలిన దూరం మమ్మల్ని నడిపించింది.

మోటారును ఇంటికి లాగించుకొచ్చాక, మర్నాడు తాత చేనుకు పోయినప్పుడు నాయన దాని కింద దూరి స్టీరింగు డబ్బా విప్పాడు. కొబ్బరికాయంత ఇనుప డబ్బా అది. చక్రం తిప్పితే అందులో ఒక మర తిరిగి, రంపానికున్నట్టు పండ్లున్న ఇంకో ముక్కను కదిలించి, ముందు చక్రాలను మళ్ళిస్తుంది. అందులో ఉండాల్సింది శుభ్రమైన నూనె. నాయన మూత తీస్తే నల్లటి బురద జారింది, నాకు బాగా తెలిసిన వాసన గుప్పుమంది. మోటారు నూనె దొరకడం లేదని నాయన ఎప్పుడో ఎవరితోనో అంటుంటే విని, సాయంత్రాలు ఎడ్లను కట్టేసినాక తాత తన బండికి పూసినంత ప్రేమగా కొడుకు మోటారుకూ కందెన కూరుతూ వచ్చాడు. మసి ఇసుకలా రుద్ది రుద్ది ఆ పండ్లను తినేసింది.

నాయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"తాతకు చెప్పకు బిడ్డా. తెలిస్తే బువ్వ ముట్టడు."

వనపర్తిలో ఒక ముసలి మిస్త్రీ దగ్గర గద్వాల వైపు నుంచి వచ్చిన పాత డబ్బాలు రెండున్నాయని తెలిసింది. మా డబ్బాను గోనెసంచిలో చుట్టి, తాతే బండి కట్టాడు, నాయనా నేనూ ఎక్కాం. దారి పొడుగునా ఈ గొట్టం నా కాళ్ళ కింద టకటకమని ఊగుతూనే ఉంది. మిస్త్రీ మా డబ్బా తెరిచి, వేలు పెట్టి, రెండు వేళ్ళ నడుమ రుద్ది చూశాడు.

"గీ డబ్బల బూడిద పోసినోడెవడు?"

నాయన తలెత్తకుండానే "నేనే పోసిన, తెల్వక" అన్నాడు. మిస్త్రీ ఆయన్ని చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. తాత మిస్త్రీ వేళ్ళను చూసి, బండి కింది గొట్టాన్ని చూసి, ఎడ్లకు గడ్డి వేయడానికి లేచిపోయాడు.

రెండు డబ్బాల్లో ఒకటి బిగువుగా, కొత్తదానిలా ఉంది. రెండోది నడిమిట్లో కాస్త వదులు. నాయన చెయ్యి బిగువుదాని మీదికే పోయింది. అప్పుడు తాత వచ్చి, కళ్ళు మూసుకుని రెండింటినీ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూశాడు. బిగువుది కొసల దగ్గర పట్టేస్తోంది.

"గిది బిర్రుగ చేసి అమ్ముతుండ్రు. ఇరుసుకైనా జర సందుండాలె. వదులుదే తీసుకో."

మిస్త్రీ నవ్వి, ముసలాయన చెప్పిందే నిజమన్నాడు. మోటారు ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి మర నడిమిట్లోనే అరుగుతుందని, ఆ వదులు దాచడానికి బిగిస్తే అరగని కొసలు పట్టేసుకుంటాయని, మలుపులో ప్రాణం తీసేది ఆ పట్టేసుకోవడమేనని వివరించాడు. నూనె దొరకకపోతే నీళ్ళు ఇగిరేలా కాచి వడగట్టిన ఒట్టి ఆముదం పోయమన్నాడు.

డబ్బా బిగించిన రోజు నాయన ఆముదం చెంబు తెచ్చి తాత చేతిలో పెట్టాడు. తాత తన ధోవతి చింపి నాలుగు మడతలు వేసి, మూడుసార్లు వడగట్టి పోశాడు. ఆ తర్వాత ప్రతి పున్నమికీ పుల్ల ముంచి నూనె చూడడం, తగ్గితే పోయడం ఆయన పనే అయింది. తోటలు కోతకు వచ్చే వేళకు అమ్మ తమ్ముణ్ణెత్తుకుని మోటారెక్కింది.

ఆ వారంలోనే ఒక పొద్దున తాత కుంకుడుకాయల వేడినీళ్ళతో ఈ గొట్టాన్ని కడుగుతూ కనిపించాడు. పుల్లకు గుడ్డ చుట్టి తోముతున్నాడు, నీళ్ళు తేటగా వచ్చినా ఆపడం లేదు. బండికి మరి అని అడిగాను. బండికి వేరే గొట్టం కోసుకుంటానన్నాడు.

"మీ నాయిన అబద్ధమాడిండు బిడ్డా. బూడిద పోసింది నేను. నాకు ఎర్కైందని వానికి చెప్పకు, పానం కొట్టుకుంటది."

తొమ్మిదేళ్ళ పిల్లను నేను. ఇంట్లో చక్కెర ఎక్కడ దాచారో కూడా ఊరంతా చాటే నోరు నాది. ఒక మాట నాయనకు, ఒక మాట తాతకు ఇచ్చి ఇద్దరి నడుమా కూర్చుని బువ్వ తినేదాన్ని. చెప్పేస్తే ఇద్దరి బరువూ దిగుతుందేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను, చెప్పలేకపోయాను.

తాత పోయాడు. మోటారు ఇనుప సామానుకు పోయింది. వాకిళ్ళలో ఆముదం వండేవాళ్ళూ లేరు, ఎడ్లబండీ లేదు. నాయన మంచం పట్టిన రోజుల్లో ఒకసారి, నేను ఆయన తల నిమురుతుంటే, ఉన్నట్టుండి అడిగాడు.

"గా బూడిద సంగతి తాతకు తెలిసిందా?"

"తెల్వదు నాయినా" అన్నాను. మంచిగైందని కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు దాచడానికి నాకెవరూ మిగలలేదు. గొట్టాన్ని ట్రంకులో పెట్టే ముందు మళ్ళీ ఒకసారి వాసన చూశాను. తాత చాలా శుభ్రంగా కడిగాడు.