చివరి స్టాపులో ముసలమ్మ

మా బస్సు గేమ్ గ్రూపులో చాలా నెలల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. సూర్యాపేట పెద్దనాయన నంబరు నుంచి. తెరిచి చూస్తే రాసింది ఆయన కొడుకు: "మా నాయిన పొద్దుగాల చనిపోయిండు. మీకు చెప్పాలనిపించింది." గ్రూపులో మిగిలింది మేం కొద్దిమందిమే. మిర్యాలగూడలో నా సెల్‌ఫోన్ షాపులో కూర్చుని ఆ రెండు వాక్యాలే మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆయన జీవితమంతా కోదాడ, మిర్యాలగూడ మధ్య బస్సు నడిపిన మనిషి. షుగరు ముదిరి కుడి పాదం తీసేశాక మంచానికే పరిమితమయ్యారు. అప్పుడే ఎవరో ఆయన ఫోన్‌లో బస్సు నడిపే ఈ గేమ్ వేసి ఇచ్చారట. గ్రూపులో అందరికంటే పెద్ద కనుక మాకందరికీ పెద్దనాయన అయిపోయారు. నేను సూర్యాపేట వెళ్ళినప్పుడల్లా వాళ్ళింటికి పోయేవాణ్ణి. గేమ్‌లో మలుపు వస్తే ఆయన ఒళ్ళంతా అటు వంగేది. కండక్టరు లేడు కనుక "రైట్, రైట్" కూడా తనే అనుకునేవారు. ట్రిప్పు మధ్యలో పెద్దమ్మ టీ ఇస్తే ముట్టేవారు కాదు. "జర ఆగు, నేరేడుచర్ల దాటనీ" అని తన పాత రూట్లో ఊరి పేరు చెప్పేవారు. గేమ్‌లో కనిపించేది ఏ దేశపు రోడ్డో మాకెవరికీ తెలియదు.

కుర్రాళ్ళు ఓవర్‌టేక్ వీడియోలు పెడితే, "గంత తొందరేంది బిడ్డా, ఎనక మనుషులున్నరు" అని వాయిస్ మెసేజ్ పంపేవారు. ఆ గ్రూపులో మేం తిట్టుకోకుండా మాట్లాడుకున్నామంటే ఆయన చలవే.

ఇంతలో ఒక అప్‌డేట్‌తో బస్సుల్లోకి కొత్త ప్రయాణికులు వచ్చారు. వాళ్ళలో సంచి పట్టుకున్న ఒక ముసలమ్మ. చివరి స్టాపులో అందరూ దిగుతారు. ఆమె మాత్రం తలుపుదాకా వచ్చి, వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. కాసేపటికి మళ్ళీ అదే. గేమ్‌లో తప్పు. వచ్చే అప్‌డేట్‌లో సరిచేస్తామని కంపెనీ మాటిచ్చింది. మేమంతా కొత్త ట్రిప్పు నొక్కి ముందుకు పోయాం. పెద్దనాయన బస్సు ఆపుకుని కూర్చున్నారు. "మనిషి దిగకుండ డ్యూటీ ఎట్ల దిగుతం రా?" అన్నారు.

ఆ అప్‌డేట్ రాలేదు. ప్రకటన వచ్చింది: ఈ గేమ్‌కు ఇక అప్‌డేట్లు ఉండవు, ఇన్నాళ్ళ మీ ఆదరణకు కృతజ్ఞతలు. ఎంత మర్యాదగా చేతులు దులుపుకున్నారో! గ్రూపు భగ్గుమంది. ఒక్క స్టార్ రేటింగులు ఇచ్చాం, బతిమాలుతూ మెయిళ్ళు పెట్టాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మావాళ్ళు ఒక్కొక్కరే ఇంకో గేమ్‌కు వెళ్ళిపోయారు. నాకైతే ఆ కంపెనీ మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ తర్వాత ఒకసారి వెళ్ళినప్పుడు, గేమ్ తీసేసి మళ్ళీ వేస్తానన్నాను. ముసలమ్మ పోతుంది, హాయిగా నడుపుకోవచ్చన్నాను. ఆయన ఫోన్ చటుక్కున వెనక్కి లాక్కున్నారు. "తీసేస్తే దిగినట్టా? ఊకో." రోజూ పొద్దున తెరిచి చూడటం, ఆమె అక్కడే ఉంటే పక్కన పెట్టేయడం. బస్సు నడపడం ఆయనకు అలా రెండోసారి ఆగిపోయింది. మొదటిసారి పోయింది పాదం. ఈసారి మాట కూడా తగ్గిపోయిందని పెద్దమ్మ చెప్పింది.

దినాలకు సూర్యాపేట వెళ్ళాను. పెద్దమ్మ ఆ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆమె దిగిందేమో సూడు బిడ్డా."

తెరిచాను. బస్సు చివరి స్టాపులోనే ఆగి ఉంది. తలుపు తీసే ఉంది. వెనక సీట్లో ముసలమ్మ, ఒళ్ళో సంచి. నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ నా పక్కన కూర్చుని ఆ బొమ్మను చాలాసేపు చూసింది. మొగుణ్ణి అంత సతాయించిన బొమ్మ మీద ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఇగ ఆయన రాడు అవ్వా," అంది ఫోన్ వైపు వంగి. "నువ్వే దిగి నడ్సుకుంట పో."

ముసలమ్మ లేచింది. తలుపుదాకా వచ్చింది. కాసేపు బయటికి చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుంది.