టాల్బర్ట్ కుదిర్చిన ఆటలు

అలబామాలో మా చిన్న కాలేజీకి ఫుట్‌బాల్ ఆటలు కుదిర్చేది లెమ్యుయెల్ టాల్బర్ట్. ఏ శనివారం ఎవరితో, ఎవరి మైదానంలో ఆడాలో ఫోన్ల మీద మాట్లాడి తేల్చడం పంతొమ్మిదేళ్లుగా ఆయన పని. నేను పక్క గదిలో టికెట్లు అమ్మేదాన్ని. అంత నెమ్మదస్తుణ్ణి మరొకర్ని చూడలేదు. ఆ డిసెంబరు ఆదివారం మాత్రం ఆయన ఒకచోట నిలవలేకపోయాడు.

ఆ ఏడు మా జట్టు పన్నెండు ఆటలూ గెలిచింది. దేశ విజేతను తేల్చే పోటీలకు కమిటీ ఎంపిక చేసే జట్లలో మా పేరు వినాలని ఊరంతా కాలేజీ జిమ్ హాల్లో టీవీ ముందు చేరింది. పేరు రాలేదు. మూడు ఆటలు ఓడిన జట్టుకు చోటు దక్కింది. వాళ్లు గట్టివాళ్లతో తలపడ్డారట, మేం ఓడించినవాళ్లలో సగంమంది బలహీనులట.

"పెద్ద కాలేజీలు మాతో ఆడటానికి జడుస్తాయి. రమ్మంటే ఒక్కళ్లూ రారు. అది మా తప్పా?" అన్నాడు కోచ్ బ్రాకెట్, విలేకరులతో. జనం చప్పట్లు కొట్టారు. టాల్బర్ట్ చేతులు జేబుల్లో పెట్టాడు, తీశాడు, బయటికి నడిచాడు.

కోచ్ మాట చాలావరకు నిజమే. టాల్బర్ట్ ఏటా ముప్పై కాలేజీలకు ఫోన్ చేసేవాడు. మీ మీద గెలిస్తే మాకు పేరు రాదు, ఓడితే పరువు పోతుంది అని పెట్టేసేవాళ్లు. కానీ ఆ మార్చిలో ఒక పెద్ద కాలేజీ తనంతట తానే అడిగింది. వద్దని చెప్పమన్నది బ్రాకెటే.

కారు దగ్గర జట్టు కెప్టెన్ క్వింటన్ ఎదురయ్యాడు. అతనికది ఆఖరి ఏడాది.

"నిజంగా ఎవరూ రామన్నారా సార్?"

"ఒకళ్లు పిలిచారు. మనమే వద్దన్నాం."

"మనమంటే?"

"ఫోన్‌లో చెప్పింది నేనే."

"ఓడినా బాగుండేది సార్," అని క్వింటన్ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కోచ్ గదిలోంచి మాటలు నాకు వినబడ్డాయి.

"నిన్నటి మాట సరిదిద్దు. లేదంటే నేనే చెప్తాను."

"మతి పోయిందా లెమ్? అప్పుడు ముగ్గురికి మోకాళ్లు దెబ్బతిని ఉన్నాయి. తీసుకెళ్లి నలగ్గొట్టించమంటావా?"

"ఆ సంగతే చెప్పు. అది అబద్ధం కాదుగా."

గురువారం ఊరి పత్రికలో, మార్చిలో వచ్చిన పిలుపును మేమే వద్దన్నామని కోచ్ ఒప్పుకున్న నాలుగు ముక్కలు వచ్చాయి. గుట్టు బయటపెట్టించాడని కాఫీ హోటల్లో సగంమంది పలకరించడం మానేసింది కోచ్‌ని కాదు, టాల్బర్ట్‌ని. ఆయన ఆ కాలేజీకే ఫోన్ చేసి, "మేమే వస్తాం, మీరు మా ఊరు రానక్కర్లేదు" అని వచ్చే సెప్టెంబరుకు ఆట ఖాయం చేశాడు.

ఆ ఆట చిత్తుగా ఓడిపోయాం. మిగతా పదకొండూ గెలిచాం. ఈసారి కమిటీ మమ్మల్ని చివరి జట్టుగా తీసుకుంది. జిమ్‌లో అరుపుల మధ్య టాల్బర్ట్ పెన్సకోలా రేవులో ఓడల మరమ్మతు చేస్తున్న క్వింటన్‌కు ఫోన్ చేశాడు.

"చూశాను సార్. కుర్రాళ్లకు మంచి జరిగింది."

"నీకు టికెట్ పంపనా?"

"శనివారం షిఫ్టు ఉంది సార్."

క్వింటన్ పెట్టేశాక కూడా టాల్బర్ట్ చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని, జిమ్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.