ఇస్త్రీ చేతికి జేడ్ కడియం

మా తోటికోడలికి నేను పెట్టిన పేరు మడత. పెద్ద హోటల్ వాళ్ల లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి, తన కళ్లెదుట ఏదీ నలిగి ఉండకూడదన్న జబ్బు అంటించుకుంది. మనతో మాట్లాడుతూనే మన భుజమ్మీది బట్ట లాగి అరచేత్తో సాపు చేస్తుంది. పెళ్లయిన కొత్తలో మా మరిదిని గోడకి నిలబెట్టి, ఒంటిమీదున్న చొక్కాకే ఇస్త్రీ చేయబోయింది. ఆ మహానుభావుడు ఈరోజుకీ పెళ్లాం చేతిలో ఇస్త్రీ పెట్టె కనపడితే చాలు, పక్క గదిలోకి జారుకుంటాడు.

ఇలాంటి మనిషికి తల నెరిశాక రాళ్ల పిచ్చి పట్టింది. లాండ్రీకి వచ్చిన ఒక కోటు జేబులో ఆకుపచ్చ గుండీ ఒకటి దొరికిందట. జేడ్ రాయితో చేసింది. సాయంత్రం అడ్రసు కనుక్కుని తిరిగిచ్చేసిందనుకోండి, కానీ అప్పటిదాకా వేళ్ల మధ్యే పెట్టుకుని తిరిగింది. రోజంతా వేడి పెట్టె పట్టుకుని మండిపోయే వేళ్లు అవి. రాయి మాత్రం ఎంతసేపటికీ చల్లగానే ఉందట. ఆ సంగతి నాకు చెబుతుంటే, పదహారేళ్ల పిల్ల ప్రేమ కబురు చెప్పినట్టు మొహం వెలిగిపోయింది. ఈ వయసులో నీకిదేం రోగమే అన్నాను. పట్టించుకుంటేగా.

అయితే పిచ్చి పట్టినా లెక్క తప్పలేదు. నేను చదువుకున్నది రెండో క్లాసు, అదీ సగమే. నాకే ముచ్చటేసింది ఆ లెక్క. జీతం ఇంటిది, ముట్టుకోకూడదు. ఓవర్‌టైం చేస్తే వచ్చేదాంట్లో సగం బిస్కెట్ల డబ్బాలోకి పోవాలి. డబ్బాలో ఎంతుంటే అంతే కొనాలి. ఏడాది పాటు అసలేమీ కొనలేదు, ఊరికే కొట్లు తిరిగింది. ఒకేలాంటి రాయినే నాలుగు చోట్ల బేరమాడి, ఎక్కడా కొనకుండా బయటికొచ్చేది. కొట్లవాళ్లు తిట్టుకున్నా సరే, ధర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసింది. కొట్టు దీపాల కింద రంగేసిన సీసాముక్క కూడా మహారాణిలా మెరుస్తుంది కాబట్టి, ప్రతి రాయినీ వీధిలోకి తెచ్చి ఎండలో చూడాలి. పెద్దది కొనబోయి మోసపోయే కన్నా చిన్నది నిజమైంది మేలు. ఆ చిన్నదాన్ని కూడా పరీక్ష చేయించాలి, ఆ ఖర్చూ డబ్బాలోంచే. వాయిదాల మాటెత్తితే మాత్రం చెవులు మూసుకునేది.

ఏడాది గడిచింది. మొదటి పూస కొనే రోజు వచ్చింది. సెలవు పెట్టుకుని, నన్నూ లాక్కుపోయింది. నువ్వు పక్కనుంటే హద్దులో ఉంటానక్కా అంది. నేను గయ్యాళినని దాని అర్థం. ఒప్పుకున్నాను, అబద్ధమేం కాదు కదా.

కొట్టాయన మంచి మాటకారి. పూసలు చూపించమంటే పూసలే చూపించాడు. ఆ పక్కనే, ఏమీ ఎరగనట్టు, ఒక కడియం పెట్టాడు. నిండు ఆకుపచ్చ. దాన్ని చూసి మడత పూసల సంగతే మరిచిపోయింది. తొడుక్కుంటే డబ్బులేం తీసుకోనమ్మా అని ఆయనే సబ్బునీళ్లు తెప్పించాడు. సెలవు రోజేమో, చెయ్యి సేదదీరి సన్నగా ఉంది. కడియం సర్రున జారి మణికట్టు మీద కూర్చుంది. మడత చెయ్యి అటు తిప్పింది, ఇటు తిప్పింది, బుగ్గకి ఆనించుకుంది, కిసుక్కున నవ్వింది. ధరెంతో నేనడిగాను. ఆయన చెప్పాడు. అలాంటి బిస్కెట్ల డబ్బాలు ఓ పది కావాలి.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి మాడు వాసన వచ్చింది. కొట్టాయన భార్య, పళ్లేల్లో రాళ్ల కింద పరిచే తెల్ల గుడ్డలకి ఇస్త్రీ చేస్తోంది. చేస్తోందంటే పాపం, మాడుస్తోంది. మడత ముక్కు అదిరింది. నేను చెయ్యి పట్టుకునేలోపే కడియంతోనే లోపలికి దూరి, అమ్మా ఇటివ్వండి అంటూ పెట్టె లాక్కుంది. ఒక్క గుడ్డ చేసి వచ్చే మనిషి కాదుగా. గుట్టంతా చేసింది. అది అయ్యాక కర్టెన్లు చేసింది. కొట్టాయన కోటు కూడా విప్పించి చేసింది. ఆయన బనీను మీద నిలబడి మురిసిపోయాడు.

బయటికొచ్చేసరికి చెమట పట్టిన మొహం, ఆవిరికి ఉబ్బిన చెయ్యి. కడియం లాగింది. రాలేదు. సబ్బు రాసింది. రాలేదు. నేను లాగాను, ఆయన భార్య లాగింది. వేలి కణుపుల దగ్గర గట్టిగా నిలబడిపోయింది.

"ఊడట్లేదంటే మీ చెయ్యి దాన్ని ఒప్పుకున్నట్టేనమ్మా. నెలనెలా కట్టుకుందురుగాని, తొందరేం లేదు" అన్నాడు కొట్టాయన.

"తడిసినప్పుడు నా చెప్పులూ ఊడవు బాబూ. అలాగని చెప్పులవాడికి నెలనెలా కడుతున్నానా?" అన్నాను.

విరిగితే మాత్రం పూర్తి ధర కట్టాల్సిందేనని మెల్లగా గుర్తుచేశాడాయన. లాగుతున్న వాళ్లందరం ఒక్కసారిగా చేతులు వెనక్కి తీసుకున్నాం. తీసుకుంటే జీతంలోంచి ఏళ్ల తరబడి కట్టాలి. విరిగితే కట్టీ ఏమీ మిగలదు.

ఇంతలో నాకే ఏదో అయ్యింది. ఆ కందిపోయిన చేతికి ఆ ఆకుపచ్చ ఎంత నప్పిందంటే, నా నోరు నా మాట వినలేదు.

"ఉంచేసుకోవే. నా గొలుసు తాకట్టు పెడతాను."

మడత నావైపు చూసింది. కావాలని ఉంది. ఆ మొహంలో ఎంత కావాలని ఉందో నేను చూశాను. అందుకే ఆ తర్వాతి మాట నాకు గుర్తుండిపోయింది.

"వద్దక్కా. నెలనెలా కడుతుంటే ఇది చేతికి చల్లగా ఉండదు."

ఇక నాకు రోషం వచ్చింది. కుర్చీ వేసి మడతని కూర్చోబెట్టాను. చెయ్యి నెత్తిమీదికి ఎత్తమన్నాను. ఐసునీళ్లు తెమ్మన్నాను. కొట్టాయన భార్య పరుగెత్తింది, అన్ని గుడ్డలు చేయించుకున్న మొహమాటం ఉంటుంది కదా. లోపలికొచ్చిన ఒకావిడ చెయ్యెత్తి కూర్చున్న మడతని చూసి, రాళ్లు కొనడానికి ఇదో పద్ధతనుకుని, తనూ చెయ్యెత్తి నిలబడింది. ఆవిడకి నచ్చజెప్పేసరికి నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది. మడత నవ్వితే కడియం అదురుతోంది. అదిరితే కొట్టాయన గుండె పట్టుకుంటున్నాడు. అది చూసి మాకు మళ్లీ నవ్వు.

చివరికి పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి, దానిమీద సబ్బు రాసి, నేను కళ్లు మూసుకుని లాగాను. వచ్చింది. వచ్చి నా ఒళ్లో పడింది. మడత దాన్ని తుడిచి, అంచులు చూసి, తను ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ మీద పెట్టింది. కొట్టాయన ధర తగ్గించాడు. బేరం లేకుండానే ఇంకా తగ్గించాడు. మడత తల అడ్డంగా ఊపి, పూసల పళ్లెం అడిగింది. ఎండలో చూసి, గోరంత పూస ఒకటి కొంది. డబ్బాలోంచి తెచ్చిన దాంట్లో పరీక్షకి సరిపడా మిగిలింది కూడా.

వీధి మలుపు తిరిగాక తన భుజాలు అదురుతుండటం చూశాను.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"రెండూ అక్కా. పొద్దుట్నించి నా చేతికే ఉందది. ఆయన అద్దె కూడా అడగలేదు."

అంతే. మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద ఇద్దరం కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాం. దారినపోయే వాళ్లు ఈ ముసలాళ్లకి ఏమైందని ఆగి చూశారు. చూడనీ.