పరగడుపున రెండు మందులు

మైత్రీవనం వెనక సందులో నేను వార్డెన్‌గా ఉన్న లేడీస్ హాస్టల్‌కి వంట చిలకమ్మది. కింద నుంచి "అన్నమైంది!" అని ఆమె ఒక్క కేక వేస్తే నాలుగో అంతస్తు పిల్లలు పుస్తకాలు పడేసి దిగాల్సిందే. గంట కొనిపెడతానంటే నా మీద కస్సుమంది.

అలాంటి గొంతుకి వాపొచ్చింది. పంజాగుట్టలో డాక్టరమ్మ థైరాయిడ్ మాత్ర రాసి, పరగడుపున వేసుకోమంది. సనత్‌నగర్‌లో మూలికలమ్మే కనకయ్య చిలకమ్మ ఊరివాడే. దేవకాంచనం బెరడిచ్చి, కషాయం కాచి పరగడుపునే తాగమన్నాడు. చిలకమ్మ ఎవరినీ నొప్పించదు. ఆయనకు మాత్ర సంగతి, డాక్టరమ్మకు కషాయం సంగతి చెప్పకుండా, పాము చావకుండా కర్ర విరగకుండా నెట్టుకొచ్చింది. రెండూ పరగడుపునే కదా అని, మాత్రను కషాయంతోనే మింగేది.

కొన్నాళ్లకు గడ్డ ఇంకా పెరిగింది. డాక్టరమ్మ ఆపరేషన్ మాటెత్తి, కొందరికి గొంతు బొంగురుపోవచ్చని చెప్పింది. చిలకమ్మ తోడొచ్చిన నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకేమైనా వాడుతున్నావా?" అని డాక్టరమ్మ అడిగితే అడ్డంగా తలూపింది. నాకు ఒళ్లు మండింది.

"ఆ దేవకాంచనం కషాయం మాట చెప్పవేంటి చిలకమ్మా!"

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ గొంతు వాపుకి, గళగండానికి, అది పాత వైద్యమే. ఎలుకల మీద పరీక్షలు జరిగాయి, మనుషుల మీద చిన్న చిన్నవే. గడ్డ కరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా దాంతో మింగితే మాత్ర సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు. అది మానేసి, మాత్ర వట్టి నీళ్లతో వేసుకో, చూద్దాం" అంది.

వానాకాలం వచ్చేసరికి వాపు తగ్గింది, ఆపరేషన్ తప్పింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఒకరోజు కనకయ్య వచ్చి ఆమె మెడ చూసి మురిసిపోయాడు. "చూసినవా, నా బెరడు ఎట్ల పనిచేసిందో!"

చిలకమ్మ చాయ్ ఇచ్చి ఊరుకుంది. పెద్దాయన సంతోషం ఎందుకు చెడగొట్టాలని నేనూ నోరు విప్పలేదు. వెళ్తూ వెళ్తూ ఆయన గిన్నెలు తోమే వనిత మెడకేసి చూశాడు. "నీకు సుత వాపున్నది బిడ్డా. దవఖాన ఎందుకు? రేపు బెరడు తెస్త" అని గేటు దాటబోయాడు.

"కనకన్నా, ఆగు!"

ఆ కేకకి అన్నమైందనుకుని పిల్లలంతా కంచాలతో దిగొచ్చారు. వాళ్లందరి ముందే చిలకమ్మ చెప్పింది. "నీ కషాయం ఎప్పుడో బంద్ వెట్టినన్నా. నాకు తగ్గింది గోలీతోని."

కనకయ్య సంచి భుజానికి సర్దుకున్నాడు. తర్వాత వనిత వైపు తిరిగాడు.

"ముందుగాల దవఖానకే పో బిడ్డా."