మామ పెట్టె, పడవ బండి

మా మామది పులివెందుల దగ్గర పల్లె. ఒక పార్టీ నాయకుడి వెంట సగం జీవితం తిరిగి, విసిగిపోయి, చివరికి బాప్తిస్మానికి ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఏళ్ళ తరబడి ఉపవాసముండి ప్రార్థించాను. ఆయన షరతు ఒక్కటే. "ఒడ్డున కాదల్లుడా. పడవెక్కి లోతు నీళ్ళ కాడికి పోవాల." ఎందుకో చెప్పలేదు.

ప్రొద్దుటూరులో ఒక విశ్వాసి పాత పడవ ఇచ్చాడు. దాన్ని రెండు చక్రాల బండి మీద కట్టి, జీపుకు తగిలించి, జమ్మలమడుగు మీదుగా మైలవరం జలాశయానికి బయలుదేరాం. జీపులో మామ కాళ్ళ మధ్య ఇనుప పెట్టె ఒకటి ఉంది. అందులో ఏముందని అడిగే ధైర్యం బాప్తిస్మమివ్వడానికి వస్తున్న పాస్టరు అయ్యగారికి కూడా లేదు.

బాప్తిస్మం తర్వాత విందుకని బియ్యం పడవలోనే వేశాం. మా సంఘంలో రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు, ఇరుపక్కల పెద్దలూ మాతో జీపెక్కారు. ప్రార్థనలో కూడా చెరో పక్క కూర్చునేవారు. అందుకని బియ్యమూ చెరి నాలుగు మూటలు. న్యాయమైన త్రాసు గురించి సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి కదా, పడవ వెనక భాగంలో ఎడమకు నాలుగు, కుడికి నాలుగు సమానంగా సర్ది సంతోషించాను.

ఊరు దాటగానే బండి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఎదురుగా వచ్చిన లారీకి జానెడు దూరంలో తప్పింది. డ్రైవరు జీపు ఆపి దిగాడు.

"ఏందప్పా ఇది, బరువంతా ఎనక పెడితే ఊగదా? జీపు కొక్కెం పక్కకి కొంచెం ఎక్కువుండాల. రెండు మూటలు ముందుకెయ్యండి."

పడవ ముక్కు సన్నం. రెండు మూటలు పక్కపక్కన పట్టవు, ఒకదాని మీద ఒకటి వెయ్యాలి. అక్కడే వచ్చింది చిక్కు.

"మా మూట మీద వాళ్ళ మూటా? మా నెత్తిన కూర్చున్నట్టుండదా?" అన్నాడు ఒక పెద్దాయన.

"అయితే మాది కింద పెట్టాల్నా? మేమేమన్నా గాజులు తొడుక్కున్యామా?" అన్నాడు రెండో పక్క పెద్దాయన.

అయ్యగారు మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. ఎండ ముదిరింది. మామ జీపు దిగి తువ్వాలు దులిపాడు. "ఈ గోల వద్దనే కదరా వచ్చింది. నేను ఇంటికి పోతాండా."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా ముఖం చూసి, మూటలు చూసి, పెట్టె బయటికి లాగాడు. "ఇది ఏ పార్టీదీ కాదు. ముందర పెట్టండి."

ఇద్దరు కలిసి ఎత్తితే లోపల ఇనుము గలగలమంది. ఆ చప్పుడు అందరికీ తెలిసినదే. రెండు పార్టీల వాళ్ళూ ఒకేసారి వెనక్కి అడుగు వేశారు. వాళ్ళు ఏకమవడం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత బండి గీత గీసినట్టు నడిచింది.

జలాశయం ఒడ్డున బియ్యం దించి, పడవ నీళ్ళలోకి తోసి, మామ, అయ్యగారు, నేను, తెడ్డు వేసేవాడు ఎక్కాం. నడిమికి పోయాక మామ పెట్టెను అంచుకు జరిపాడు. "లోతు అడిగింది దీనికేనల్లుడా. వేటకొడవళ్ళు. మళ్ళీ ఎవురి చేతికీ దొరకగూడదు."

పెట్టె బుడుంగున మునిగింది. పడవ ఒక్కసారి అవతలి పక్కకు ఒరిగింది. అయ్యగారు, తెల్ల అంగీతో సహా, నీళ్ళలో పడ్డారు. ఈత వచ్చినవారు కనుక తేలారు. ఆయన్ని పడవలోకి లాగి, ఛాతీ లోతు నీళ్ళ దగ్గరికి తిరిగివచ్చాం.

దగ్గుతున్న అయ్యగారిని మామ కాసేపు చూసి, తానే నీళ్ళలోకి దిగాడు.

"రాండి అయ్యగారూ. మీరే ముందు మునిగినాక నేను ఎనక్కి పోతే మర్యాద గాదు."