పైనమ్మ దిగిన ఆరు నెలలు

కట్టుబడి జరిగే చోట ఆమెను అందరూ పైనమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది కింద నిలబడి క్రేనుకు సైగలు చేసే పెద్దాయన. "మేమందరం కిందే ఉంటాం. పైన ఉండేది నువ్వొక్కదానివే కదమ్మా" అన్నాడట మొదటిరోజు. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. రోజంతా ఆయన గొంతు వైర్‌లెస్ సెట్లో ఆమె చెవి దగ్గరే ఉండేది. "మెల్లగా... ఇంకొంచెం ఎడమకి... ఆ, చాలు, దించు." ఆ మాటల మీద నమ్మకంతోనే ఆమె టన్నుల కొద్దీ ఇనుప చువ్వలను మనుషుల తలల మీదుగా తీసుకెళ్ళి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించేది.

టవర్ క్రేను నిచ్చెనకు నూట ఎనభై మెట్లు. పైన బీరువాకంటే కాస్త పెద్ద గది. ఒక కుర్చీ, రెండు వైపులా రెండు లివర్లు, కాళ్ళ కింద అద్దం. పొద్దున ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికే దిగడం. మగవాళ్ళు పైకి ఖాళీ సీసా పట్టుకెళ్ళేవారు. ఆమె నీళ్ళు తాగడం మానేసింది. ఒళ్ళు దానికి అలవాటు పడింది కానీ, నెలసరి రోజులకు మాత్రం ఏ అలవాటూ పని చేయలేదు. ప్యాడ్ మీద ప్యాడ్ పెట్టుకుని, కుర్చీలో ప్లాస్టిక్ కాగితం పరుచుకుని కూర్చునేది. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే తొడలు ఒరుసుకుపోయి, నిచ్చెన దిగేటప్పుడు ప్రతి మెట్టూ మండేది.

ఒకరోజు ప్లాస్టిక్ కాగితం జరిగింది. ఆమె చూసుకోలేదు. తర్వాతి షిఫ్టుకు ఎక్కినవాడు చూశాడు. చూసి ఊరుకోలేదు, వైర్‌లెస్ సెట్లో అందరికీ వినబడేలా ఒక మాట అన్నాడు. కింద ఎవరో నవ్వారు. బాబాయ్ మాత్రం "సెట్టు పనికోసం ఇచ్చింది, నోరు మూసుకుని బరువు చూడు" అన్నాడు. అప్పటికే గేటు దాటబోతున్న ఆమెకు గేటు దగ్గరి సెట్లో అంతా వినబడింది. తలకొట్టేసినట్టయింది. వెనక్కి తిరగలేదు.

మర్నాడే మందులషాపుకు వెళ్ళింది. నెలసరి వెనక్కి జరిపే మాత్రలు ఇచ్చారు. పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ ఆడవాళ్ళు వేసుకునేవే. నాలుగు రోజులకోసం తయారైన మాత్రలను ఆమె ఎనిమిది నెలలపాటు, మధ్యలో ఎప్పుడో ఒక వారం తప్ప, వేసుకుంటూనే పోయింది. ఎవరినీ అడగలేదు. అడిగితే మానెయ్యమంటారేమోనని భయం.

తొమ్మిదో నెలలో ఎడమ పిక్క పట్టేసినట్టు నొప్పి మొదలైంది. నిచ్చెన ఎక్కీ ఎక్కీ వచ్చిన నొప్పే అనుకుంది. నాలుగో రోజు పొద్దున, నిచ్చెన సగంలో, నిలబడడానికి వేసిన ఇనుప పలక దగ్గర ఊపిరి అందకుండా పోయింది. కడ్డీని రెండు చేతులతో కావలించుకుని, "బాబాయ్, రాలేకపోతున్నాను" అంది సెట్లో. పైకా కిందికా అని ఆయన అడగలేదు. అరవై ఏళ్ళ మనిషి, నడుముకు తాడు చుట్టుకుని ఎక్కివచ్చాడు. ఆమెను తనకు కట్టుకుని ఒక్కో మెట్టూ దింపాడు. దింపుతున్నంతసేపూ రోజూ చెప్పే మాటలే చెప్పాడు. "మెల్లగా... ఇంకొంచెం... చాలు."

పిక్కలో గడ్డకట్టిన రక్తం ముక్క విడిపోయి ఊపిరితిత్తికి చేరిందన్నారు ఆస్పత్రిలో. "ఏం మాత్రలు వాడుతున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. మొదట ఏవీ లేవంది. మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు. అతను కాఫీకి వెళ్ళాక చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టి, కాసేపు ఆమె చేతిని పట్టుకుని కూర్చుంది. అలా కోప్పడకపోవడంతోనే ఆమెకు ఎక్కువ భయమేసింది.

పది రోజులకు ఇంటికి పంపుతూ, రక్తం పలచబడే మందు ఆరు నెలలు వాడాలన్నారు. అంతవరకు క్రేను ఎక్కకూడదు. ఆ మందుతో నెలసరి బాగా ఎక్కువ కావచ్చనీ చెప్పారు. కంపెనీ ఆమెను స్టోర్‌రూమ్‌లో కూర్చోబెట్టింది. చేతి తొడుగులు, తలటోపీలు ఇచ్చి పుచ్చుకునే పని. "ఆరు నెలల తర్వాత ఎక్కుతారో లేదో ముందే చెప్పండి. లేకపోతే ఇంకొకరిని చూసుకోవాలి" అన్నాడు ఇంజనీరు. మర్యాదగానే అన్నాడు.

మొదటి నెలసరికే ఆమె బెంబేలెత్తిపోయింది. గంటకో ప్యాడ్ చాలలేదు. రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు వార్డులోని పెద్ద నర్సుకు చెప్పుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు ఆవిడది. గుసగుసలు ఎరగని మనిషి. డాక్టరమ్మను అడిగివచ్చి, సొరుగులోంచి నెలసరికి వాడే మెత్తటి సిలికాన్ కప్పు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. గంటను తిరగేసినట్టున్న ఆకారం, అడుగున చిన్న తోక, లోపల మందుసీసా మూతకున్నట్టు సన్నటి గీతలు.

"ఇది పీల్చదు, పడుతుంది. ఇలా మడిచి పెట్టుకుంటే లోపల విచ్చుకుని అంటుకుంటుంది. తీసేటప్పుడు తోక పట్టి లాగకు. అడుగు నొక్కితే గాలి పోయి వదులుతుంది. మామూలుగా ఎనిమిది గంటలు ఉంటుంది. నీకిప్పుడు మూడు నాలుగు గంటలకోసారి తియ్యాలి."

"నాకు చేతకాదేమో సిస్టర్."

"క్రేను నడుపుతావు కదా తల్లీ, ఇది చేతకాదా?" అంది నర్సు. తర్వాత కప్పును ఆమె ముందుకు జరిపి, "మొదటి రెండు మూడు నెలలు విసుగొస్తుంది. అందరికీ నప్పుతుందనీ చెప్పను. నప్పకపోతే గుడ్డతో కుట్టిన ప్యాడ్లు ఉన్నాయి, లోపల పొరలు వేసిన లోదుస్తులున్నాయి. చూద్దాం" అంది.

నర్సు చెప్పినట్టే అయింది. మొదటిసారి అరగంట స్నానాలగదిలో చెమటలు కక్కి, పెట్టుకోలేక బయటికొచ్చింది. రెండోసారి పక్కనుంచి కారింది. మూడోసారి బాగానే కూర్చుంది కానీ, తీద్దామంటే అందలేదు. లోపల ఇరుక్కుపోయిందని, మళ్ళీ ఆస్పత్రికి పోవాలని, అక్కడ అందరిముందూ చెప్పాలని, ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చి ఏడుపు ఆగలేదు.

తలుపు అవతల అత్తగారు. "ఏమైందే? తలుపు తియ్యి."

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకుండా ఎవరూ అలా ఏడవరు. సరే, తియ్యకు. నేనిక్కడే కూర్చుంటాను."

అత్తగారు నిజంగానే గడప పక్కన చతికిలబడిన చప్పుడు వినిపించింది. కంగారు పడితే కండరం బిగుస్తుంది, గొంతుక్కూర్చుని దగ్గు అని నర్సు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తోక వేలికి తగిలింది.

బయటికొచ్చాక దాచే ఓపిక లేక అంతా చెప్పేసింది. కుర్చీ మీద మరక, వైర్‌లెస్ సెట్లో మాట, మాత్రలు, అన్నీ. ఏడేళ్ళ కాపురంలో అత్తాకోడళ్ళ మధ్య ఆ సంగతి ఎన్నడూ నోటికి రాలేదు. అత్తగారు కప్పును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నూలు మిల్లులో చేసేదాన్ని నేను" అంది చివరికి. "పన్నెండు గంటలు నిలబడాలి. పాతగుడ్డలే వాడేవాళ్ళం. ఉతికి ఎండలో వెయ్యాలంటే అందరూ చూస్తారని, తలుపు వెనక ఇంకో బట్ట కింద ఆరేసేదాన్ని. ఎక్కడ ఆరుతాయి? తడిగానే కట్టుకునేదాన్ని. కడుపులో నొప్పి, జ్వరం. అబ్బాయి పుట్టాక మూడేళ్ళకు గర్భసంచి తీసేశారు. ఇరవై తొమ్మిదేళ్ళు నాకు. గుడ్డలవల్లే అయిందో, ఇంకెందువల్ల అయిందో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక్కడితో ఎందుకాపేశావని మీ మామయ్య చుట్టాలు ఎన్నన్నారో. మాకు చాలనుకున్నాం అని చెప్పేదాన్ని."

అత్తగారు కప్పును ఆమె చేతిలో పెట్టి, "దీన్ని ఎలా కడగాలన్నారు?" అని అడిగింది.

అప్పటినుంచి దాన్ని ఉడకబెట్టే పని అత్తగారిదే. దానికని ఒక చిన్న గిన్నె విడిగా పెట్టింది. ఒకరోజు మామగారు వంటింట్లోకి తొంగిచూసి, "ఏం ఉడుకుతోంది? వాసనే రావడంలేదు" అన్నాడు. "మీకు పెట్టేది కాదు, పోయి పేపరు చదువుకోండి" అంది అత్తగారు. ఆరోజు ఆ ఇద్దరు ఆడవాళ్ళూ నవ్విన నవ్వుకు కారణం ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి ఎవరూ అనుకోనిది. కప్పులో గీతలుండడంతో, తన ఒంట్లోంచి ఎంత పోతోందో ఆమెకు మొదటిసారి కంటికి కనబడింది. మూడో నెల డాక్టరమ్మ ఎప్పట్లాగే "నెలసరి ఎలా ఉంది?" అని అడిగితే, "మొదటి రెండు రోజుల్లో పైగీత దాకా నిండి ఎనిమిదిసార్లు పారబోశాను" అంది. డాక్టరమ్మ తలెత్తింది. "ఇన్నేళ్ళలో నాకిలా లెక్కగా చెప్పినవాళ్ళు లేరు. అందరూ కొంచెం ఎక్కువే అంటారు, అంతే." వెంటనే రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ సగానికి సగం పడిపోయి ఉంది. స్టోర్‌రూమ్‌లో కళ్ళు తిరగడం, మెట్టెక్కితే ఆయాసం దిగులువల్లే అనుకుంటోంది ఆమె. ఐరన్ ఎక్కించారు, మందు మార్చారు. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే గుండె మీద పడేదని నర్సు తర్వాత చెప్పింది.

ఆరో నెల చివర రక్తం పలచబడే మందు ఆపేశారు. ఎక్కవచ్చని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం తీసుకుని ఆమె ఇంజనీరు గదికి వెళ్ళింది.

"ఎక్కుతాను సార్. కానీ ఒక మాటుంది. షిఫ్టు మధ్యలో ఒకసారి దిగుతాను, అరగంట కావాలి. క్రేను కింద గడియ పడే తలుపూ కుళాయీ ఉన్న గది ఒకటి కావాలి."

"ఎందుకు?" అన్నాడు అతను అలవాటుగా.

"నాకు నెలసరి వస్తుంది సార్" అంది. "ఆ గది లేకే మాత్రలు మింగాను. మాత్రలవల్లే నిచ్చెన మీద పడిపోయాను."

అతను బల్ల మీది ప్లాను కాగితం అంచును మడుస్తూ, విప్పుతూ ఉండిపోయాడు. ఆమె మొహం తిప్పుకోలేదు. "రేకులతో అయితే వారంలో వేయించగలను" అన్నాడు చివరికి. వేయించాడు. వారం కాదు, మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమె స్టోర్‌రూమ్‌లోనే కూర్చుంది.

ఎక్కిన మొదటిరోజు ప్రతి ఇనుప పలక దగ్గరా ఆగింది. ఊపిరి పూర్తిగా వెనక్కి రాలేదు, ఇక రాకపోవచ్చని కూడా చెప్పారు. వైర్‌లెస్‌లో మాటన్నవాడు కంపెనీ మారి వెళ్ళిపోయాడు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు.

మరుసటి ఏడు రెండో క్రేను మీదికి ఇంకో అమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్ళది. రేకుల గదిలో చేతులు కడుక్కుంటూ పైనమ్మ అడగకుండానే అన్నీ చెప్పింది, మాత్రల సంగతితో సహా. ఆ అమ్మాయికి కప్పు నప్పలేదు. నాలుగు నెలలు అవస్థపడి, పొరలు కుట్టిన లోదుస్తులకు మారింది. వాటిని ఉతికి, ఆ రేకుల గది వెనక తీగ మీద, ఎండలో ఆరేస్తుంది. దారిలో పోయేవాళ్ళకు కనబడతాయి. మొదట్లో చూసేవారు. ఇప్పుడు చూడరు.